ఫిర్యాదును ‘క్లోజ్’ చేసే అధికారం ఎవరిది? ఒక నగర సేవల యాప్ కేస్ స్టడీ

నగరపాలక సంస్థలకు సాఫ్ట్‌వేర్ ప్లాన్ చేసి కట్టించే పనిలో చాలా ఏళ్లుగా ఉన్నాను. ఇక్కడ రాస్తున్నది ఒక మధ్యస్థాయి నగరానికి ఫిర్యాదుల యాప్‌ను రెండోసారి చేసిన అనుభవం. మొదటి యాప్ అప్పటికే నడుస్తోంది. దాన్ని పక్కనపెట్టి కొత్తది చేయాలని నన్ను పిలిచారు. నగరం పేరు, అక్కడ పనిచేసినవాళ్ల పేర్లు రాయడం లేదు.

పిలిచినప్పుడు నాకు చెప్పిన సమస్య ఒక్కటే: ‘‘ఫిర్యాదులన్నీ గడువులోపే పరిష్కారమవుతున్నాయి, అయినా జనం తిడుతున్నారు.’’ ఫిర్యాదుల స్థితిని రంగుల్లో చూపే డ్యాష్‌బోర్డు చూస్తే నిజంగానే అంతా పచ్చగా ఉంది. యాప్ స్టోర్‌లో రివ్యూలు చదివితే మాత్రం అది వేరే ఊరేమో అనిపించింది. పరిష్కారమైందని మెసేజ్ వచ్చింది, గొయ్యి అలాగే ఉంది. ఇదే మాటను ఎంతోమంది రకరకాలుగా రాశారు. డ్యాష్‌బోర్డుకూ రివ్యూలకూ మధ్య ఏం జరుగుతోందో తెలిసేదాకా ఒక్క స్క్రీన్ కూడా గీయకూడదని మొదటి రోజే నిర్ణయించుకున్నాం.

రెండు వారాలు ఫిర్యాదుల గదిలో

నేనూ, మా టీమ్‌లో మరో ఇద్దరూ రెండు వారాలు ఫిర్యాదుల విభాగంలోనే కూర్చున్నాం. అక్కడికి ఫోన్లు వస్తాయి, కాగితం మీద అర్జీలు వస్తాయి, యాప్ నుంచి ఫిర్యాదులు వస్తాయి. మూడింటికీ వేర్వేరు రిజిస్టర్లు. ఒకే చోట డ్రైనేజీ పొంగిందని ముగ్గురు మూడు దారుల్లో చెబితే మూడు పనులుగా నమోదయ్యేవి.

యాప్ మాట రాగానే ఫోన్‌ను పాత పద్ధతిగా చూడటం నాకు చాలాచోట్ల ఎదురైంది. నిజానికి నగర ఫిర్యాదుల వ్యవస్థలు ఫోన్ నుంచే పెరిగాయి. అమెరికాలో 311 నంబరు 1996లో బాల్టిమోర్‌లో మొదలైంది, అదీ పోలీసులకు వచ్చే అత్యవసరం కాని కాల్స్ కోసం. న్యూయార్క్ 2003లో దాన్ని నగర సేవలన్నిటికీ ఒకే నంబరుగా తెచ్చింది. యాప్‌లు ఆ వ్యవస్థకు మరో ద్వారంగా తరువాత వచ్చాయి. కాల్ సెంటర్ నడపాలంటే, ఏ ఫిర్యాదు ఎవరికి వెళ్లాలో ఫోనెత్తే మనిషికి తెలియాలి. ఆ జాబితా ముందే ఉన్న నగరానికి యాప్ పెట్టడం తేలిక. మా నగరంలో ఆ జాబితా లేకుండానే యాప్ వచ్చేసింది.

పాత ఫిర్యాదులు అరవై తీసుకుని ఒక్కోదాని దారిని కాగితం మీద గీశాం. ఎవరి టేబుల్ మీదికి వెళ్లింది, ఎవరు ఏం రాశారు, ఎక్కడ ఆగింది. నాలుగో రోజుకే విషయం బయటపడింది.

ఒక రోడ్డు గొయ్యి సంగతి చూడండి. ఫిర్యాదు రోడ్ల విభాగానికి వెళ్లింది. జూనియర్ ఇంజనీరు వెళ్లి చూశాడు. కింద మంచినీటి పైపు లీకవుతోంది. పైన తారు పోస్తే కొద్దిరోజుల్లో మళ్లీ కుంగుతుంది, ముందు పైపు బాగుచేయాలి. ఆయన అంచనా సరైనదే. కానీ ఆయన స్క్రీన్ మీద ఉన్నవి రెండే బటన్లు: ‘అంగీకరించు’, ‘క్లోజ్’. వేరే విభాగానికి పంపే బటన్ లేదు. గడువు దాటితే కమిషనర్ డ్యాష్‌బోర్డు మీద పేరు ఎర్రగా కనబడుతుంది. ఆ టెన్షన్ ఊహించవచ్చు. ‘ఇది నీటి సరఫరా విభాగానికి సంబంధించినది’ అని రాసి క్లోజ్ చేశాడు. ఫిర్యాదు చేసిన మనిషికి ‘మీ సమస్య పరిష్కరించబడింది’ అని మెసేజ్ వెళ్లింది. నీటి సరఫరా విభాగానికి ఏ కబురూ వెళ్లలేదు.

ఇందులో ఎవరూ అబద్ధమాడలేదు. ఇంజనీరు దృష్టిలో క్లోజ్ అంటే ‘నా టేబుల్ మీద పని అయిపోయింది’ అని. ఇంటి ముందు గొయ్యి ఉన్నవాళ్ల దృష్టిలో క్లోజ్ అంటే గొయ్యి పూడిందని. ఒకే బటన్‌కు రెండు అర్థాలు. ఆ అరవైలో ఇలా దారి మధ్యలో ఆగిపోయినవే మమ్మల్ని ఎక్కువగా బాధపెట్టాయి, ఎందుకంటే ఫిర్యాదు చేసినవాళ్లు తమ వంతు పని పూర్తిగా చేశారు.

ఈ చిక్కు చాలా నగరాలది. 2014లో సింగపూర్ ప్రధాని లీ సియెన్ లూంగ్ జాతీయ దినోత్సవ ప్రసంగంలోనే దీన్ని ఎత్తారు. ఒక చిన్న దారిలో చెత్త తీయాలంటే, ఆ దారి, పక్కన వాలు, రోడ్డు వైపు కాలిబాట వేర్వేరు సంస్థల కింద ఉన్నాయని వివరించారు. ఆ ఏడాదే పురపాలక సేవల సమన్వయానికి ఒక ఆఫీసు పెట్టారు. 2015 జనవరిలో ఈ ఫిర్యాదుల కోసం వన్‌సర్వీస్ అనే యాప్ వచ్చింది. ముందు ఆఫీసు, తరువాత యాప్. ఆ వరుసను మా కమిషనర్‌కు చూపించాను. కొత్త యాప్ పని మొదలుపెట్టడానికి గడువు అడిగింది కూడా దాని ఆధారంగానే.

ఆ గడువులో చేసింది ఒక పట్టిక. అడ్డంగా ఫిర్యాదు రకాలు. నిలువుగా ఐదు ప్రశ్నలు: మొదట వెళ్లి చూసేదెవరు, పని చేయాల్సిందెవరు, కారణం వేరే విభాగానిదైతే ఎవరికి పంపాలి, ఎన్ని రోజుల్లో, చివరికి క్లోజ్ చేసేదెవరు. వినడానికి రెండు రోజుల పనిలా ఉంటుంది. మాకు ఏడు వారాలు పట్టింది. కరెంటు తీగ మీద ఒరిగిన చెట్టుకొమ్మ దగ్గరే మూడు సమావేశాలు జరిగాయి. కొమ్మ నరకాల్సింది పార్కుల విభాగం, సరఫరా ఆపాల్సింది విద్యుత్ సంస్థ, కొమ్మలు ఎత్తాల్సింది పారిశుధ్య సిబ్బంది. ముగ్గురూ ఒకే గంటలో అక్కడ ఉండకపోతే పని జరగదు. పట్టికలో ఆ గడి నిండిన రోజున నాకు యాప్ విడుదలైనంత సంతోషం కలిగింది.

ఐదే సేవలు

పాత యాప్ తెరవగానే 31 గుర్తులు. వాటిని విభాగాల వారీగా పేర్చారు: ఇంజనీరింగ్, పట్టణ ప్రణాళిక, ప్రజారోగ్యం, రెవెన్యూ. ఒక సంస్థ తయారుచేసే వ్యవస్థ ఆ సంస్థ లోపలి అమరికనే పోలి ఉంటుందని కంప్యూటర్ శాస్త్రవేత్త మెల్విన్ కాన్వే 1968లో రాశాడు. ఆ స్క్రీన్ దానికి అచ్చమైన ఉదాహరణ. మ్యాన్‌హోల్ మూత లేదని చెప్పాలనుకున్న మనిషికి అది ఇంజనీరింగ్ కిందికి వస్తుందో ప్రజారోగ్యం కిందికి వస్తుందో ఎలా తెలుస్తుంది? తెలియాల్సిన అవసరం ఏముంది?

అసలు యాప్ కావాలా అన్న ప్రశ్న కూడా పెట్టుకున్నాం. బ్రిటన్ ప్రభుత్వ డిజిటల్ విభాగం 2013లోనే శాఖలకు స్పష్టంగా చెప్పింది: ముందు ఫోన్‌లో బాగా పనిచేసే వెబ్‌సైటు కట్టండి, ప్రత్యేక యాప్ కావాలంటే కారణం చూపించి అనుమతి తీసుకోండి అని. ఆ మాటతో నేను ఏకీభవిస్తాను. జనన ధ్రువపత్రం కోసం జీవితంలో ఒకటి రెండుసార్లు వచ్చే మనిషి చేత యాప్ ఎక్కించి, ఓటీపీ కొట్టించి, పాస్‌వర్డ్ పెట్టించడం అనవసర శ్రమ. ఆస్తిపన్ను ఏడాదికి ఒకటి రెండుసార్లు. వాటికి వెబ్ పేజీ చాలు. పదేపదే అవసరమయ్యేది, ఉన్న చోటు తెలియాల్సింది, కెమెరా ఉపయోగపడేది, సిగ్నల్ లేనప్పుడు రాసిపెట్టుకుని తరువాత పంపాల్సింది, ఇలాంటివాటికే యాప్.

ఆ లెక్కన ఐదు మిగిలాయి: వీధి దీపం, రోడ్డు, చెత్త, మంచినీరు, డ్రైనేజీ. ఒక సీనియర్ అధికారి దీన్ని గట్టిగా వ్యతిరేకించారు. ప్రారంభోత్సవంలో ‘31 సేవలు’ అన్నచోట ‘5 సేవలు’ అని చెప్పాలంటే ఆయనకు ఇబ్బంది. ఆయన మీద పైనుంచి ఉన్న ఒత్తిడి నిజమైనదే. చివరికి మిగతా 26 వెబ్‌సైటులో ఉంటాయని, యాప్‌లో వాటికి ఒక లింకు ఇస్తామని ఒప్పందమైంది.

‘క్లోజ్’ అనే మాటకు అర్థం

నగర ఫిర్యాదుల సమాచారాన్ని వేర్వేరు సాఫ్ట్‌వేర్‌ల మధ్య పంపుకోవడానికి ఓపెన్311 అనే బహిరంగ ప్రమాణం ఉంది. మేం దాన్నే వాడాం. రేపు ఇంకెవరైనా మరో యాప్ కట్టినా అదే వరుసలోకి ఫిర్యాదు పంపగలరు. కానీ అందులో ఫిర్యాదు స్థితికి ఉన్న విలువలు రెండే: ఓపెన్, క్లోజ్‌డ్. ఎందుకు ఆ స్థితిలో ఉందో రాయడానికి పక్కన ఒక గడి ఉంది, దాన్ని నింపడం తప్పనిసరి కాదు. ప్రమాణం అంతవరకే ఇస్తుంది. క్లోజ్ అంటే ఏమిటో తేల్చుకోవాల్సింది నగరమే.

మేం నాలుగు రకాలు పెట్టాం. పని పూర్తయింది. వెళ్లి చూస్తే సమస్య కనబడలేదు. ఇది మా పరిధిలోది కాదు, ఫలానా సంస్థకు పంపాం. ఈ పనికి పెద్ద మరమ్మతు కావాలి, ఫలానా తేదీకి పెట్టాం. వీటిలో మొదటి రెండే క్లోజ్. మూడోది, నాలుగోది ఓపెన్‌గానే ఉంటాయి. ‘పని పూర్తయింది’ అనడానికి ఆ చోటు నుంచే తీసిన ఫొటో కావాలి. విభాగం మారితే ఫిర్యాదు నంబరు మారదు, మొదటి తేదీ మారదు.

ఆ చివరి వాక్యం కోసం చాలా పోట్లాడాను. ఫిర్యాదు తన దగ్గరికి వచ్చిన రోజు నుంచే గడువు లెక్కించాలని ప్రతి విభాగం కోరింది. వాళ్ల వైపు నుంచి అది న్యాయమే, వేరేవాళ్లు చేసిన ఆలస్యానికి వీళ్లు ఎందుకు మాట పడాలి? అందుకని లోపల రెండు గడియారాలు పెట్టాం. విభాగం పనితీరు చూడటానికి విభాగం గడియారం. ఫిర్యాదు చేసినవాళ్లకు కనబడేది మాత్రం ఒకటే, వాళ్లు చెప్పిన రోజు నుంచి నడిచేది.

ఇక ఫిర్యాదు చేసిన మనిషికి కూడా ఒక బటన్ ఇచ్చాం. క్లోజ్ అయిన ఏడు రోజుల్లోపు ‘పని కాలేదు’ అని నొక్కితే అదే నంబరుతో మళ్లీ తెరుచుకుంటుంది. ఈసారి అదే ఇంజనీరుకు వెళ్లదు, పై అధికారికి వెళుతుంది. ఈ ఆలోచన మాకు కొత్తగా పుట్టింది కాదు. బ్రిటన్‌లో మైసొసైటీ అనే సంస్థ 2007లో మొదలుపెట్టిన ఫిక్స్‌మైస్ట్రీట్‌లో, ఫిర్యాదు చేసిన నాలుగు వారాలకు ‘సమస్య తీరిందా’ అని ఆ మనిషినే అడుగుతారు. తీరిందో లేదో ఆ వీధిలో నడిచేవాళ్లకే బాగా తెలుస్తుంది. అడగడం అంత సులువైన పనిని చాలా యాప్‌లు చేయవు, నాకు అది ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

మెసేజ్‌ల మాట కూడా చెప్పాలి. ఇంగ్లిష్ అక్షరాల ఎస్ఎంఎస్ ఒక్కోదానిలో 160 అక్షరాలు పడతాయి. యూనికోడ్ లిపిలో రాస్తే 70 మాత్రమే. పాత మెసేజ్ ‘తమరి ఫిర్యాదు సంబంధిత అధికారుల పరిశీలన నిమిత్తం’ అని మొదలై అసలు విషయం రాకముందే మొదటి 70 దాటేది. దాన్ని ‘దీపం వెలిగింది. వెలగకపోతే 2 అని పంపండి’ వరకు కుదించాం. స్మార్ట్‌ఫోన్ లేనివాళ్లు కూడా ఆ జవాబుతో ఫిర్యాదును మళ్లీ తెరవగలరు.

స్తంభం నంబరు

ఫీల్డ్ సిబ్బంది లేకుండా గీసిన డిజైన్ ఎంత తప్పుతుందో ఒక్క రాత్రిలో తెలిసింది. మా మొదటి నమూనాలో అన్ని ఫిర్యాదులకూ ఫొటో తప్పనిసరి. వీధి దీపాల సిబ్బందితో ఒక రాత్రి తిరిగాను. లైన్‌మ్యాన్ తన ఫోన్‌లో వచ్చిన ఫిర్యాదు చూపించాడు. ఫొటో అంతా నలుపు.

‘‘దీపం వెలగడం లేదనేగా మేడమ్ ఫిర్యాదు. చీకటిని ఫొటో తీస్తే నాకేం తెలుస్తుంది? స్తంభం నంబరు రాయమనండి చాలు.’’

‘‘మ్యాపులో గుర్తు ఉంటుంది కదండీ?’’

‘‘గుర్తు రోడ్డుకు అవతలి వైపు చూపిస్తుంది. అటు లైను వేరు, ఇటు లైను వేరు. నేను అటు ఎక్కి దిగి మళ్లీ ఇటు రావాలి.’’

ఆయన చెప్పింది అక్షరాలా నిజం. ఆకాశం బాగా కనబడే చోట కూడా మామూలు స్మార్ట్‌ఫోన్ జీపీఎస్ ఐదు మీటర్ల వరకు అటూఇటూ చూపిస్తుంది. ఎత్తైన భవనాల మధ్య ఇంకా ఎక్కువ. చెత్తకుప్పకు ఆ తేడా పట్టదు. స్తంభానికి పడుతుంది. మర్నాడే ఫారం మార్చాం. దీపానికి స్తంభం నంబరు, ఫొటో అక్కర్లేదు. నీరు రావడం లేదంటే ఏ వేళ నుంచి, ఇరుగుపొరుగుకు వస్తోందా అన్న రెండు ప్రశ్నలు. చెత్తకు, గొయ్యికి మాత్రం ఫొటో అడుగుతాం, అదీ ఇష్టమైతేనే. ఇరుగుపొరుగు ప్రశ్న నీటి విభాగం మేస్త్రి సలహా. ఒక్క ఇంటికే రాకపోతే కనెక్షన్‌లో లోపం, వీధి మొత్తానికి రాకపోతే వాల్వు లేదా మెయిన్ పైపు. ఆ జవాబును బట్టి ఏ మనిషి, ఏ సామానుతో వెళ్లాలో మారిపోతుంది.

సిబ్బంది యాప్‌ను కూడా వాళ్ల చేతుల్లో చూసే దిద్దాం. చేతికి గ్లౌజులుంటాయి, అందుకని బటన్లు పెద్దవి. ఎండలో స్క్రీన్ కనబడదు, అందుకని అక్షరానికీ వెనుక రంగుకూ మధ్య తేడా వెబ్ సౌలభ్య మార్గదర్శకాలు చెప్పే 4.5కు 1 నిష్పత్తి కంటే ఎక్కువే ఉంచాం. భూగర్భ డ్రైనేజీ దగ్గర సిగ్నల్ ఉండదు, అందుకని ఫొటోలు ఫోన్‌లోనే ఆగి, సిగ్నల్ వచ్చాక సర్వర్‌కు వెళతాయి. ప్రతి నమోదుకు ఫోన్‌లోనే ఒక ప్రత్యేక గుర్తింపు సంఖ్య పుడుతుంది కాబట్టి, రెండుసార్లు వెళ్లినా సర్వర్ ఒకటిగానే తీసుకుంటుంది.

ఫొటోల విషయంలో ఒక తప్పు దాదాపు జరిగిపోయేది. ఫోన్ తీసే ఫొటో లోపల తీసిన చోటు, సమయం దాగి ఉంటాయి. ఇంటి గుమ్మంలో నిలబడి తీసిన ఫొటోను బహిరంగ మ్యాపులో అలాగే పెడితే ఫిర్యాదు చేసిన మనిషి ఇల్లు ఊరంతటికీ తెలిసిపోతుంది. పైగా పాత యాప్‌లో ఫిర్యాదు చేసినవాళ్ల ఫోన్ నంబరు నేరుగా కాంట్రాక్టరుకు కనబడేది. ‘ఎందుకు పెట్టారు, వెనక్కి తీసుకోండి’ అని ఫోన్లు వచ్చాయని ఇద్దరు మహిళలు మాతో చెప్పారు. అలా ఒకసారి భయపడిన మనిషి మళ్లీ ఫిర్యాదు చేయరు. కొత్త యాప్‌లో ఫొటోలోని దాగిన సమాచారం సర్వర్‌కు చేరగానే తొలగిపోతుంది. నంబరు ఫిర్యాదుల విభాగానికి తప్ప ఎవరికీ కనబడదు.

టెండరు కాగితంలో మార్చినవి

పాత యాప్‌ను సరిదిద్దకుండా కొత్తది ఎందుకు కట్టాల్సి వచ్చిందంటే, పాతది నగరం చేతిలో లేదు. యాప్ స్టోర్ ఖాతా కాంట్రాక్టు కంపెనీ పేరు మీద ఉంది. అప్‌డేట్ పంపడానికి వాడే డిజిటల్ సంతకపు తాళం కూడా వాళ్ల దగ్గరే. ఒక ఖాతా నుంచి మరో ఖాతాకు యాప్‌ను బదిలీ చేయవచ్చు, కానీ పాత యజమాని సహకరించాలి. కాంట్రాక్టు ముగిసిన కంపెనీ నుంచి జవాబులు ఆగిపోయాయి. ఇన్‌స్టాల్ చేసుకున్న జనమంతా కొత్త యాప్‌ను మళ్లీ ఎక్కించుకోవాల్సి వచ్చింది.

కాబట్టి ఈసారి స్టోర్ ఖాతా నగరపాలక సంస్థ పేరు మీద, తాళం వాళ్ల అధీనంలో, సోర్స్ కోడ్ (యాప్ అసలు ప్రోగ్రాం) ప్రతి విడుదలతో పాటు వాళ్ల సర్వర్‌కు. చెల్లింపు స్క్రీన్‌ల సంఖ్యను బట్టి జరగదు. ఫిర్యాదు మొదటి నుంచి చివరిదాకా సరిగ్గా ప్రయాణిస్తుందా అన్న పరీక్షలు దాటితేనే జరుగుతుంది. కళ్లు కనబడనివాళ్లు, తెర మీద ఉన్నది చదివి వినిపించే స్క్రీన్ రీడర్‌తో ఫిర్యాదు నమోదు చేయగలగడం ఆ పరీక్షల్లో ఒకటి. పాత యాప్‌లో స్క్రీన్ రీడర్ ప్రతి గుర్తునూ ‘బటన్, పేరు లేదు’ అని చదివేది. నిర్వహణకు మూడేళ్ల ఖర్చు మొదటి టెండరులోనే చేర్చాం. ఫోన్ ఆపరేటింగ్ సిస్టమ్‌లు ఏటా మారతాయి, కొత్త వెర్షన్‌కు తగ్గట్టు మార్చని యాప్‌ల అప్‌డేట్‌లను స్టోర్‌లు తీసుకోవు. ప్రారంభోత్సవానికి డబ్బు పెట్టి నిర్వహణకు పెట్టకపోవడం ఈ రంగంలో నేను చూసిన అతి మామూలు తప్పు.

విడుదలయ్యాక

మొదటి నెల డ్యాష్‌బోర్డు ఎర్రబడింది. ఇలా అవుతుందని కమిషనర్‌కు ముందే చెప్పాం, మళ్లీ మళ్లీ చెప్పాం. ఇన్నాళ్లూ పచ్చ రంగు కింద దాగిన పెండింగ్ పనులు ఇప్పుడు కనబడుతున్నాయి కాబట్టి అది పనితీరు పడిపోవడం కాదు. ఆయన ఆ నెల ఎవరికీ మెమో ఇవ్వకుండా ఆగారు. ఇస్తే మర్నాడే అందరూ ‘వెళ్లి చూస్తే సమస్య కనబడలేదు’ అన్న బటన్ వైపు మళ్లేవారని నా నమ్మకం. మళ్లీ తెరుచుకున్న ఫిర్యాదులను వారానికోసారి విభాగాధిపతులు ఒకే గదిలో కూర్చుని చూడటం మొదలైంది. నీటి పైపు, రోడ్డు గొయ్యి లాంటివి అక్కడే ఒక కొలిక్కి వస్తున్నాయి.

ఒక విషయంలో ఇంకా తృప్తి లేదు. కొన్ని వార్డుల నుంచి ఫిర్యాదులు చాలా తక్కువ. దాన్ని ‘సమస్యల్లేని వార్డులు’ అని ఒక నివేదికలో రాయబోతుంటే ఆపాం. బోస్టన్ నగరం 2012లో స్ట్రీట్ బంప్ అనే యాప్ తెచ్చింది. కారులో ఉన్న ఫోన్ కుదుపులను బట్టి గోతులను గుర్తించేది. స్మార్ట్‌ఫోన్లు తక్కువగా ఉండే పేదల, వృద్ధుల ప్రాంతాల గోతులు అందులో కనబడకుండా పోతాయని గుర్తించి, ముందు నగరమంతా తిరిగే తమ ఇన్‌స్పెక్టర్ల చేతికి ఇచ్చారు. మేం కూడా ఆ వార్డులకు నెలకోసారి సిబ్బందిని పంపి, వాళ్లు చూసిన సమస్యలను వాళ్ల చేతే నమోదు చేయిస్తున్నాం. మొదటిసారి వెళ్లి వచ్చిన బృందం నమోదు చేసినవి చూశాక నివేదికలో ఆ వాక్యం గురించి మళ్లీ ఎవరూ మాట్లాడలేదు.

స్తంభాలకు నంబర్లు వేసే పని ప్రస్తుతం రెండు వార్డుల్లో నడుస్తోంది. పెయింటు పట్టుకుని తిరుగుతున్నది ఆ రాత్రి నాతో మాట్లాడిన లైన్‌మ్యాన్ బృందమే. మిగతా వార్డుల్లో నంబర్లు పడేదాకా యాప్ అక్కడ ఒక ప్రశ్న ఎక్కువ అడుగుతుంది: దీపం రోడ్డుకు ఏ వైపున, ఏ ఇంటి ఎదుట?